మళ్ళీ రండి అనలేని దుకాణం

చిన్న వ్యాపారులకు ప్రచారం గురించి సలహాలు చెప్పడం నా వృత్తి. ఇప్పుడు దాన్ని పర్సనల్ బ్రాండింగ్ అంటున్నారు. మా రోజుల్లో "బోర్డు మీద ఏం రాయాలి" అనేవాళ్ళం. పని అదే, ఫీజు పెరిగింది.

మా ఆయన పోయి ఏడాది దాటింది. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు కనుక రాయడానికి తీరిక ఉంది. దాని గురించి ఇంతకు మించి ఇక్కడ చెప్పను. మా పక్క ఫ్లాట్ అమ్మాయి ఈ వృత్తిలో కొత్తగా చేరింది. "ఆంటీ, మీ టాప్ ఫైవ్ టిప్స్ చెప్పండి" అని అడిగింది. అయిదు లేవు. ఒకటి ఉంది. అది చెప్పాలంటే ఒక దుకాణం సంగతి చెప్పాలి.

మిసెస్ టాన్

నేను పుట్టింది మలేసియాలో, పెరాక్‌లో. ఉద్యోగం కోసం సింగపూర్ వచ్చి ఒక చిన్న ప్రకటనల కంపెనీలో టైపిస్టుగా చేరాను. యజమానురాలు మిసెస్ టాన్. ఆమె ఎవరినీ మెచ్చుకునేది కాదు. ఒకసారి నేను రాసిన ప్రకటన చదివి, "ఇందులో తప్పులు లేవు" అంది. ఆ రోజు ఇంటికి వెళ్ళి మా ఆయనతో చెప్పుకున్నాను.

దుకాణదారు ఎవరైనా వచ్చి తన సరుకు గొప్పతనం చెప్పడం మొదలుపెడితే ఆమె చెయ్యి ఎత్తి ఆపేది. "ఏం అమ్ముతావో తరువాత. నిన్న చివరగా వచ్చిన కస్టమర్ నీ దగ్గరికి ఎలా వచ్చాడు?" అని అడిగేది. చాలామందికి తెలిసేది కాదు. "వచ్చాడు" అనేవాళ్ళు. "వెళ్ళి కనుక్కుని రా" అని పంపేసేది. సగంమంది తిరిగి వచ్చేవాళ్ళు కాదు. కంపెనీ చిన్నగానే ఉండిపోవడానికి అది ఒక కారణం.

ఆమె రిటైరైన తరువాత నేను సొంతంగా పని పెట్టుకున్నాను. టైలర్లు, మసాలా మిల్లు, ట్యూషన్ సెంటర్లు, ఒక పూల దుకాణం. సరిగ్గా అప్పుడే సాఫ్ట్‌వేర్ హడావిడి మొదలైంది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని, ఆగకుండా చూడడానికి మన ఊళ్ళ నుంచి కుర్రవాళ్ళను విమానాల్లో దింపుతున్న రోజులు. బుకిట్ బటోక్‌లో ఒక్కో ఫ్లాటులో ఆరుగురు ఉండేవాళ్ళు. ప్రతి దుకాణానికీ ఒక హోమ్ పేజీ కావాలని అందరూ అనేవాళ్ళు. ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. నేను అడిగితే, "మీకు కొత్తది అర్థం కావడం లేదు" అనేవాళ్ళు. అప్పటికి నాకు నలభై కూడా నిండలేదు.

అప్పన్నగారు

అప్పన్నగారి తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అప్పన్నగారు ఇక్కడే పుట్టారు. టోవా పాయోలో ఫ్లాట్ల కింద వరసగా ఉన్న షాపుల్లో చివరిది ఆయనది. పాడె కట్టే వెదురు, కొత్త కుండలు, నువ్వులు, తెల్ల బట్ట, కొబ్బరి మట్టలు. ఎవరైనా పోతే ఫోన్ చేస్తారు. స్నానం చేయించడం నుంచి బూడిద తెచ్చి ఇచ్చే దాకా ఆయనే చూసుకుంటారు. పచ్చి వెదురూ మట్టలూ క్రాంజీలో ఒక తోట నుంచి తెచ్చేవారు. ఆ తోట మనిషి అవి పెళ్ళి పందిళ్ళకి అనుకునేవాడు. ఈయన కాదని చెప్పలేదు.

నా ఆఫీసుకి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నారు. టీ ఇస్తే తాగలేదు.

"పాత కుటుంబాలోళ్ళంతా తలో ఊరూ పోనారమ్మా. నన్ను ఎరిగిన పెద్దోళ్ళని..." టీ కప్పుని కొంచెం పక్కకి జరిపారు. "ఆళ్ళని నేనే పంపించీసినాను. పిల్లలకి నేనెవరో తెలీదు. కొత్తగా వచ్చిన కంప్యూటరోళ్ళకి అసలే తెలీదు. ఫోన్ మోగట్లేదు. సుసా అయిపోనాది బతుకు."

సుసా అంటే మలయ్‌లో కష్టం. ఆయన మాటలో మూడు భాషలు కలిసి ఉండేవి, దేన్నీ ఆయన పరాయిదిగా చూడలేదు.

షాపు లీజు ఆ ఏడాది చివరికి అయిపోతుంది. అప్పటికి పని పుంజుకోకపోతే, కొడుకు రవి తనతో రానంటే, సంతకం పెట్టకుండా మూసేస్తానన్నారు.

"మూసేసి ఏం చేస్తారు?" అని అడిగాను.

"అదే తెలీదమ్మా. నాకింకో పని రాదు. ఇలాటి పని సేసినోణ్ణి ఇంకో పనిలో ఎవులూ పెట్టుకోరు కూడా."

నేను ఒప్పుకున్నాను. ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. ఆయన చదువుతున్న పుస్తకంలోంచి తలెత్తి, "చావుకి కూడా ప్రకటన వేస్తావా?" అన్నారు.

"చావుకి అక్కర్లేదు. అప్పన్నగారికి."

"సరే" అని మళ్ళీ పుస్తకంలోకి వెళ్ళిపోయారు. కాసేపటికి, "కష్టమే" అన్నారు.

నాకు తెలిసిన సలహాలు

ఈ వృత్తిలో కొన్ని సలహాలు ఎవరికైనా చెప్పవచ్చు. నవ్వుతూ ఉన్న ఫోటో పెట్టండి. పాత కస్టమర్లను పలకరిస్తూ ఉండండి. మీ గురించి నలుగురి చేత మంచి మాట రాయించండి. మళ్ళీ రమ్మని చెప్పండి. ఇవి టైలరుకీ మసాలా మిల్లుకీ సరిపోయాయి. ఇన్నేళ్ళూ వాటి మీద బతికాను. అప్పన్నగారి దగ్గర అవన్నీ ఒక్క నెలలో అయిపోయాయి.

మొదట ఫోటో. స్టూడియోలో చైనీస్ కుర్రవాడు లైట్లు సర్ది, "అంకుల్, స్మైల్! బిగ్ స్మైల్!" అన్నాడు. అప్పన్నగారు చెప్పినట్టే చేశారు. ఆ ఫోటో వాడలేకపోయాం. నవ్వకుండా ఇంకొకటి తీయించాం. అది అసలే వాడలేకపోయాం.

తరువాత పాత కస్టమర్లు. పలకరిస్తూ ఉండమన్నాను కదా, మార్కెట్లో ఒక పెద్దావిడ ఎదురైతే, "ఒంట్లో ఎలాగుందమ్మా?" అని అడిగారట. ఏడాది క్రితం ఆవిడ భర్తకి ఈయనే చేశారు. ఆవిడ కూరల సంచి అక్కడే వదిలేసి, నేరుగా గుడికి వెళ్ళి తన పేర అర్చన చేయించుకుంది. సంచి అప్పన్నగారే ఇంటికి పంపించారు. అది ఎవరు పంపారో తెలిసి ఇంకో అర్చన చేయించుకుందట.

కార్డులు కొట్టించాం. మర్యాదకు తీసుకున్నవాళ్ళు లిఫ్టు దగ్గర చెత్తబుట్టలో వేసేవాళ్ళు. అలాంటి కార్డు ఇంట్లో ఉంటే అదే దారి చూపిస్తుందని భయం. తప్పు పట్టలేను. ఆ కార్డుల డబ్బా నేను కూడా ఆఫీసులోనే ఉంచాను, ఇంటికి తీసుకువెళ్ళలేదు.

ఇక వెబ్‌సైట్. రవికి అప్పుడు పాతికేళ్ళ పైన. పాలిటెక్నిక్‌లో చదివి, చిన్న దుకాణాలకు హోమ్ పేజీలు అమ్మే కొత్త కంపెనీలో చేరాడు. తండ్రి పని గురించి స్నేహితులతో "ఈవెంట్ మేనేజ్‌మెంట్" అని చెప్పేవాడు. అబద్ధం కాదు. తండ్రికి ఉచితంగా ఒక పేజీ చేసి పెట్టాడు. తన కంపెనీ వాళ్ళు పూల దుకాణానికి తయారుచేసిన నమూనా మీదే చేశాడు. తెరవగానే గులాబీలు రాలేవి. పైన వెల్‌కమ్ అని మెరిసేది. కింద "మీ రాక మాకు ఆనందం. మళ్ళీ మళ్ళీ రండి" అని ఉండేది.

"రవీ, ఆ కింది వాక్యం తీసేయాలి" అన్నాను.

"అది టెంప్లేట్, ఆంటీ. తీస్తే లేఅవుట్ ఔట్ అవుతుంది."

"గులాబీలు?"

"గులాబీలు ఓకే వాట్. ఫ్యునరల్‌కి ఫ్లవర్స్ ఉంటాయి కదా." వాట్, లా అనేవి ఇక్కడి ఇంగ్లీషులో ఊతపదాలు.

ఎంతమంది చూశారో చెప్పే అంకెలు పేజీ అడుగున ఉండేవి. అవి రోజూ పెరిగేవి. రోజూ చూసేది రవీ నేనూ అని కొంతకాలానికి తేలింది.

ఉగాది

మీ కస్టమర్లు ఎక్కడ ఉంటారో అక్కడ మీరు కనిపించాలి. ఇదీ నేను అందరికీ చెప్పే మాటే. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళందరూ ఒకేచోట కనిపించేది ఉగాది నాడు, ఒక స్కూలు హాల్లో. భోజనాలకు దాతలు కావాలని నిర్వాహకులు అడుగుతున్నారు. అప్పన్నగారు ఇస్తానన్నారు. కార్యదర్శి కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రవాడు. దాత ఏ వ్యాపారం చేస్తాడో అడగలేదు. దాతలను ప్రశ్నలు అడగరు కదా.

బ్యానర్ రవి తయారుచేశాడు. మాటలు అప్పన్నగారివి. "ఉగాది శుభాకాంక్షలు. ఆఖరి ప్రయాణంలో మీ వెంట మేము. అప్పన్న అండ్ కంపెనీ, టోవా పాయో."

పంతులుగారు పంచాంగం చదివి, ఈ ఏడు ప్రజలకు ఆయురారోగ్యాలు బాగుంటాయని చెప్పి కూర్చున్నారు. వెంటనే స్టేజి మీద తెర తీశారు. వెనక మా బ్యానర్ ఉంది.

హాల్లో కొంతసేపు ఉగాది పచ్చడి గిన్నెల్లో చెంచాల చప్పుడు మాత్రమే వినిపించింది.

తరువాత ఒక పెద్దాయన గొంతు. "ఎవడ్రా ఆ బ్యానర్ కట్టింది? సంవత్సరాది పూట!"

"అది లంచ్ స్పాన్సర్ అండీ" అన్నాడు కార్యదర్శి.

"అయితే నాకు లంచ్ వద్దు."

అధ్యక్షుడు మా దగ్గరికి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. "అప్పన్నగారూ, మీరేమీ అనుకోకపోతే, బ్యానర్ కొంచెం పక్కకి..." అన్నాడు. ముందు పక్కకి జరిపారు. పక్కన కూర్చున్నవాళ్ళు లేచారు. బయట వాష్‌రూముల దారిలో కట్టారు. పిల్లలు అటు వెళ్ళడానికి ఏడ్చారు. చివరికి చుట్టి మా చేతికే ఇచ్చారు.

అప్పన్నగారు తినకుండా బయటికి వచ్చేశారు. అలవాటేనట. శుభకార్యాలకు వెళ్ళినా ఆయన వెనక వరసలో కూర్చుని, వడ్డన మొదలుకాకముందే లేచిపోతారు. నాకు అది ఆ రోజే తెలిసింది.

"ఆళ్ళ తప్పు లేదమ్మా" అన్నారు కార్ పార్క్‌లో. "కొత్త సంవచ్చరం నాడు నాలాటోడు ఎదురైతే నాకే బాగోదు."

రవి బ్యానర్‌ని కారులో పెట్టడానికి తిప్పలు పడుతున్నాడు. అది పట్టడం లేదు. "ఎనఫ్ లా, డాడ్" అన్నాడు. ముఖం ఎర్రబడి ఉంది. "మా ఆఫీస్ వాళ్ళు ఇద్దరు ఉన్నారు లోపల. దే సా మి. షాప్ క్లోజ్ చేసేయండి. ప్లీజ్."

"సేసేద్దాం" అన్నారు అప్పన్నగారు. "లీజు అయ్యేదాకా ఉండనీ."

చివరగా వచ్చిన కస్టమర్

సలహాలు అయిపోయాక మిసెస్ టాన్ ప్రశ్న గుర్తొచ్చింది. మొదటే గుర్తు రావలసింది. వెబ్‌సైట్ల కాలంలో అది పాతబడినట్టు అనిపించింది. పాతబడలేదు.

అప్పన్నగారు ఇటీవల వెళ్ళిన ఇళ్ళలో, పరవాలేదు మాట్లాడతాం అన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఒక్కటే అడిగాను. "ఆ రోజు మీకు అప్పన్నగారి సంగతి ఎవరు చెప్పారు?"

ఒకాయన, కింద పూలమ్మే ఆవిడ అన్నాడు. ఒకామె, ఆసుపత్రి వార్డులో తుడిచే తమిళ అమ్మ అంది. ఇంకొకరు, ఎదురింటి మలయ్ పెద్దాయన అన్నారు. ఆయన తెలుగువాడు కాదు, హిందువు కాదు, కానీ ఆ బ్లాకులో ఎవరికి ఏం కావాలన్నా ఆయన్నే అడుగుతారట.

ప్రకటన చూసి వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ఉండరు కూడా. ఇంట్లో మనిషి పోయినప్పుడు ఎవరూ వెతకరు. ఎవరినో ఒకరిని అడుగుతారు. అడిగేది కూడా దుఃఖంలో ఉన్నవాళ్ళు కాదు, వాళ్ళ కోసం ఫోన్ పట్టుకున్న మనిషి. అంటే అప్పన్నగారు తెలియవలసింది ఊరందరికీ కాదు. ఎవరిని అడుగుతారో వాళ్ళకి. అలాంటివాళ్ళు ఏ ఊళ్ళోనైనా కొద్దిమందే.

ఇది చిన్న విషయం. నేనిచ్చిన సలహాల్లో పనికొచ్చినది ఇదొక్కటే అని ఇప్పుడు అనిపిస్తుంది. ముఖం అందరికీ చూపించమని చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి, ఎవరికి అక్కర్లేదో చెప్పేవి తక్కువ.

మరి బుకిట్ బటోక్‌లో ఆ కుర్రవాళ్ళు ఎవరిని అడుగుతారు? కనుక్కోవడం కష్టం కాలేదు. జ్వరం వస్తే, వంట గ్యాసు అయిపోతే, ఇంటివాడు అడ్వాన్సు వెనక్కి ఇవ్వకపోతే అందరూ సరోజని అడుగుతారు.

సరోజ

సరోజది గుంటూరు. భర్త షిప్‌యార్డులో పనిచేసేవాడు. ఆమె తన ఫ్లాటులోనే వండి, సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్ళకు క్యారియర్లు పంపేది. నేనూ అప్పన్నగారూ వెళ్ళేసరికి గోంగూర బాగుచేస్తోంది. విషయం చెప్పాను. ఆమె ఆకు కింద పడేసింది.

"ఛీ ఛీ, ఏంది అక్కా పొద్దున్నే ఈ మాటలు! నేను అన్నం పెట్టేదాన్ని. నా నోటితో ఆయన పేరు చెప్పమంటారా? పిల్లలు నా క్యారియర్ తింటారా ఇంక?"

"చెప్పమనడం లేదు. ఎవరైనా అడిగితేనే..."

"ఎవరూ అడగరు. అందరూ పాతికేళ్ళ పిల్లలు. బాగుంటారు. నువ్వు నోరు మంచి చేసుకో."

సంచి తీసుకుని లేవబోయాను. అప్పన్నగారు లేవలేదు. ఆయన సరోజను చూడకుండా గోంగూర వైపు చూస్తూ మాట్లాడారు.

"నేను పేరు సెప్పించుకోడానికి రాలేదమ్మా. కూడు సంగతి అడుగుదామని వచ్చినాను."

"కూడు సంగతా?"

"మనిసి పోయిన ఇంట్లో పొయ్యి ఎలగదు గదా. పాత కుటుంబాల్లో అయితే సుట్టాలు ఒండి తెస్తారు. ఈ కొత్తోళ్ళకి ఇక్కడ సుట్టాలు ఎవులున్నారు? పోయినేడు ఒకింట్లో సూసినాను. పైనుంచి కిందికి దిగి హాకర్ సెంటర్లో కూడు పేకెట్ కొనుక్కొచ్చినారు. ఆ ఇల్లాలు ముద్ద ముట్టలేదు. ఏటో వాసనొస్తందని అన్నాది. అలాటి ఇంటికి మీరు పప్పూ సారూ అంపగలరా? డబ్బు నేనిస్తాను."

సరోజ గోంగూర పక్కకి తోసింది. కోపంగా అంది. "డబ్బు నువ్విస్తావా? పొయ్యి ఎలగని ఇంటికి అన్నం పంపి డబ్బు తీసుకునే మడిసిలా కనపడతన్నానా నీకు?"

"లేదమ్మా."

"ఫోన్ నంబర్ చెప్పు."

"మీకు పేరు చెప్పడం ఇష్టం లేదన్నారు కదా" అన్నాను.

"నువ్వాగక్కా. అన్నం ఎన్ని గంటలకి పంపాలో ఈయన్ని అడగొద్దూ?"

వృత్తిలో ఉన్నవాళ్ళు ఈ చోట రెండోసారి చదవండి. నేను ఆమెను మా పేరు మొయ్యమన్నాను. అప్పన్నగారు ఆమె పనిని ఆమెకే ఇచ్చారు. ఆయన దీన్ని ప్రచారమని అనుకోలేదు. ఆ ఇల్లాలు అన్నం తినలేదని ఆయనకు నిజంగానే బాధ. పేరు దానంతట అదే వెళ్ళింది.

బుకిట్ బటోక్

వర్షాకాలం మొదట్లో ఒక ఆదివారం ఉదయం సరోజ ఫోన్ చేసింది. కిశోర్ అని, ఆమె దగ్గర భోజనం తెప్పించుకునే కుర్రవాడు. తల్లిదండ్రులు కొడుకుని చూడడానికి వచ్చారు. స్నానానికి వెళ్ళిన తండ్రి అక్కడే పడిపోయాడు. గుండె. అంబులెన్సు వాళ్ళు వచ్చేసరికే అయిపోయింది. కిశోర్ సరోజకి ఫోన్ చేసి, "ఆంటీ, ఇప్పుడు ఏం చేయాలి?" అని అడిగాడట. ఆమె అప్పన్నగారికి చేసింది.

ఆ వారం అప్పన్నగారు నడుము పట్టేసి మంచం మీద ఉన్నారు. లేవలేకపోయారు. రవిని వెళ్ళమన్నారు. రవి చిన్నప్పటి నుంచీ తండ్రి వెంట సామాన్లు మోశాడు కానీ ఒంటరిగా ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళాడు.

డాక్టరు, పోలీసు, కాగితాలు అయ్యాక మధ్యాహ్నానికి కిశోర్ తండ్రిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. సరోజా నేనూ క్యారియర్లు పట్టుకుని టాక్సీలో వెళ్ళాం. ఫ్లాటు నిండా కుర్రవాళ్ళు. అందరూ ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు, ఫోన్లలో, ఒకరితో ఒకరు. టికెట్లు, పాస్‌పోర్టు, సర్టిఫికెట్. కిశోర్ తల్లి గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. ఆమె వైపు ఎవరూ చూడడం లేదు. ఎలా చూడాలో వాళ్ళకి తెలియదు.

రవి సామాను లోపలికి తెచ్చి, కిశోర్‌తో ఏదో మాట్లాడబోయాడు. ఆమె అడిగింది. "బాబూ, ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు? నాకు ఎవరూ చెప్పడం లేదు."

కుర్రవాళ్ళు ఫోన్లు దించారు.

రవికి తెలుగు బాగా రాదు. ఇంట్లో తండ్రి తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే రకం. వెళ్ళి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాడు.

"ఫస్ట్ స్నానం, ఆంటీ. కిశోర్ బ్రదర్ చేస్తారు, నేను హెల్ప్ చేస్తాను. తర్వాత కొత్త బట్టలు. మీరు చూస్తారు. మీకు ఎంతసేపు కావాలో అంతసేపు. తర్వాత వ్యాన్. మండాయ్ అని ఒక ప్లేస్ ఉంది, అక్కడికి వెళ్తాం. దూరం కాదు. వ్యాన్‌లో అంకుల్‌తో నేను ఉంటాను. ఒక్కరే ఉండరు."

"ఒక్కరే ఉండరు కదా?" అంది ఆమె.

"ఉండరు, ఆంటీ. ప్రామిస్."

ఆమె తలూపింది. కాసేపటికి, "ఆయన చలికి ఓర్చుకోలేరు, ఆ బండిలో ఏసీ తగ్గించమను" అంది.

"తగ్గిస్తాను" అన్నాడు రవి.

మండాయ్ శ్మశానవాటిక చేరేదాకా అతను నిజంగానే తగ్గించి ఉంచాడని కిశోర్ తరువాత చెప్పాడు. సాయంత్రం సరోజ పప్పన్నం కలిపి ఇస్తే ఆమె రెండు ముద్దలు తింది.

పదిరోజుల కర్మ కోసం వాళ్ళు ఇండియా వెళ్ళి వచ్చాక, కిశోర్ టోవా పాయో షాపుకి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. అప్పన్నగారికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియక నిలబడ్డాడు. "అంకుల్, మీ వెబ్‌సైట్‌లో ఒక రివ్యూ రాస్తాను. మా ఆఫీస్‌లో అందరిచేతా రాయిస్తాను" అన్నాడు.

ఏడాది క్రితమైతే నేను కాగితం ఇచ్చేదాన్ని. రవి నాకంటే ముందు మాట్లాడాడు. "వద్దు బ్రదర్. ఎవరైనా అడిగితే చెప్పండి, చాలు."

ఆ వారమే అతను వెబ్‌సైట్ తీసేశాడు. గులాబీలు పోయినందుకు నాకేమీ అనిపించలేదు.

కొత్తవాళ్ళకి

ఆ ఏడాది మిగిలిన నెలల్లో ఫోన్ మోగింది. ఎక్కువసార్లు కాదు. ఎక్కువసార్లు మోగాలని కోరుకోలేం కదా. పని ఎంత పెరిగిందని నన్ను అడిగితే సూటిగా జవాబు చెప్పలేను. ఈ ఒక్క క్లయింటు విషయంలో లక్ష్యం అనే మాట నేను ఎప్పుడూ వాడలేదు.

రవి తన కంపెనీలో రాజీనామా ఇచ్చాడు. కొన్ని నెలలకే ఆ కంపెనీ మూతపడింది. ముందే పసిగట్టాడని, తెలివైనవాడని అందరూ అన్నారు. ఏమీ పసిగట్టలేదు. రాజీనామా ఇచ్చిన రోజునే అతనికి జీతం పెంచారు కూడా.

వ్యాపారి ముఖాన్నీ నవ్వునీ అమ్మడం నేర్పే తరగతులు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటితో బాగుపడినవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ మీ దగ్గరికి వచ్చే దుకాణదారు ఏదైనా ఒక మాట అనలేని మనిషి అయితే, ఆ మాట అనమని బలవంతపెట్టకండి. ఎందుకు అనలేడో ముందు తెలుసుకోండి. అతని వ్యాపారం అక్కడే ఉంటుంది.

లీజు ఆఫీసు

డిసెంబరులో అప్పన్నగారు నన్ను కూడా రమ్మన్నారు. "మీ ఫీజు ఇచ్చీసినాం గదా, ఆఖరి దాకా సూసి పోండి" అన్నారు. రవితో కలిసి ముగ్గురం వెళ్ళాం.

కౌంటరులో కొత్తగా చేరిన అమ్మాయి, నవ్వుముఖం. కాగితాలు తిప్పుతూ అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది. "సో, అంకుల్, బిజినెస్ గుడ్ ఆర్ నాట్?"

అప్పన్నగారు ఆ ఆఫీసులో ఎన్నోసార్లు సంతకం పెట్టారు. ఈ ప్రశ్నకు ఎప్పుడూ జవాబు దొరకలేదట. బాగుందంటే పాపం, బాగాలేదంటే షాపు పోతుంది. ఆయన నా వైపు చూశారు. నేను డబ్బు తీసుకున్న మనిషిని. నేను రవి వైపు చూశాను.

"పీపుల్ నో హూ టు కాల్, లా" అన్నాడు రవి.

ఆ అమ్మాయి "వెరీ గుడ్" అని తలూపి, కాగితం మా వైపు తిప్పింది. అప్పన్నగారు సంతకం పెట్టారు. దాని కింద ఇంకో గీత ఖాళీగా ఉంది. పార్ట్‌నర్ ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

అప్పన్నగారు పెన్ను బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

రవి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "వేర్ టు సైన్?" అని అడిగాడు.